సామాజిక మాధ్యమములలో క్రైస్తవ సాక్ష్యము

తెల్లవారుజామున తెలుగు క్రైస్తవుల యిండ్లలో చేతిఫోను మ్రోగుట నేడు కొత్త సంగతి కాదు. ఉదయించు సూర్యుని చిత్రము, దానిపై ఒక బైబిలు వాక్యము, అడుగున పంపినవారి సంఘము పేరు. ఒకే చిత్రము నాలుగు వాట్సాప్ బృందముల నుండి నాలుగు మార్లు వచ్చును. చూచినవారు చేతులు జోడించిన బొమ్మ నొకదానిని తిరిగి పంపి తమ పనులలో పడుదురు. దీనిని పరిహసించుట మా యుద్దేశము కాదు. కువైటులో ఇంటిపని చేయుచున్న గోదావరి జిల్లాల ఆడుబిడ్డకు ఊరిలోని తల్లి పంపిన వాక్యము, ఆ చిత్రమును తయారుచేసిన వారెవరైనను, "లేచితిని, నిన్ను తలచుకొంటిని" అను కబురును మోసికొని పోవును. అది చిన్న విషయము కాదు. ఐనను తల్లి మాట వేరు, వేయిమందికి ఒక్కసారిగా పంపు మాట వేరు. నలుగురు చూచు చోట తన విశ్వాసమును వ్రాయువాడు అది తన హృదయములోనిదే యని యెట్లు నిశ్చయించుకొనవలెను? నేటి ప్రసంగమున మేము ఈ యొక్క ప్రశ్ననే విచారింపదలచితిమి.

క్రీస్తు కొండమీద చేసిన ప్రసంగములోనే ఈ ప్రశ్నకు రెండు ప్రక్కలును కలవు. మత్తయి సువార్త 5వ అధ్యాయములో దీపమును దాచిపెట్టరాదను బోధ యున్నది. 6వ అధ్యాయములో ప్రార్థనకు గది తలుపు మూసికొనవలెనను బోధ యున్నది. తొందరపడి చదువువారికి ఇవి పరస్పర విరుద్ధములుగా తోచును. కాని దీపమును పెట్టుట ఇంటిలోనివారు త్రోవ చూచుకొనుటకు గాని, దీపపు సెమ్మె అందమును మెచ్చుకొనుటకు గాదు. 6వ అధ్యాయములో నిందింపబడినవారు వీథి మూలలలో నిలిచి ప్రార్థించువారు. వారి తప్పు వీథి మూలలో నిలుచుట కాదు, ఎవరి కన్నుల కొరకు నిలిచిరనునది. నేటి వీథి మూల మన చేతిలోని తెర. ఆనాటి వీథికిని దీనికిని ఒక భేదము మాత్రము కలదు. ఆ వీథిలో పోవువారిని ఎవరును లెక్కింపలేదు. ఇచ్చట ఎందరు చూచిరో, ఎందరు మెచ్చిరో ప్రార్థన క్రిందనే అంకెలతో కనబడును. ఫేస్‌బుక్ వారు 2009లో ఆ మెచ్చుకోలు గుర్తును ప్రవేశపెట్టిన నాటినుండి, వ్రాసిన అరగంటకు మరల తెర తెరచి అంకెను చూచుకొనుట అందరికి అలవాటైనది. ప్రార్థన వ్రాసినవానికిని ఆ యలవాటు తప్పలేదు.

రేడియోలో పనిచేయు మాకు ఈ విషయమున ఒక సౌకర్యము కలదు. మైకు ముందు కూర్చున్నవానికి శ్రోత కనబడడు, చప్పట్లు వినబడవు. లక్షమంది వినుచున్నారో, ఒక్కరును వినుట లేదో తెలియని గదిలో మాటలాడుట నేర్చుకొన్నవానికి, ఒక్క మనిషిని ఎదుట ఊహించుకొని మాటలాడుట తప్ప వేరు దారి లేదు. మతమునకును రేడియోకును సంబంధము పాతదే. అమెరికాలోని పిట్స్‌బర్గులో 1921 జనవరి 2న ఒక దేవాలయపు ఆరాధన తొలిసారిగా ప్రసారమైనది. 1931 ఫిబ్రవరి 12న మార్కోని స్వయముగా నెలకొల్పిన వాటికన్ రేడియో ప్రారంభమైనది. 2012 డిసెంబరులో పదునారవ బెనెడిక్టు పోపు, నేడు ఎక్స్ అని పిలువబడుచున్న ట్విట్టరులో వ్రాయుట మొదలిడెను. అంతకు ముందు సంవత్సరము, 2011లో, ఆయన వెలువరించిన సందేశములో ఒక హెచ్చరిక కలదు: మనము పంచదలచిన సత్యమునకు విలువ దాని జనాదరణను బట్టి వచ్చునది కాదని దాని సారాంశము. కొత్త పరికరమును చేపట్టుటకు ముందే ఆ మాట చెప్పుట గమనింపదగినది.

అంకెల విషయమున మన తెలుగునాటనే ఒక ఉదాహరణము కలదు. 1876–78 నాటి మహాక్షామములో ఒంగోలు ప్రాంతమున అమెరికను బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని యిచ్చి కూలి చెల్లించెను. ఆ కాలముననే బాప్తిస్మము కోరుచు జనులు గుంపులుగా వచ్చిరి. గంజి కొరకు వచ్చిరో, దేవుని కొరకు వచ్చిరో తేలవలెనని ఆయన ఏడాదికి పైగా బాప్తిస్మములను నిలిపివేసెను. సహాయము ముగిసిన పిదప, 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున, వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ అంకెను క్రైస్తవ సంఘచరిత్రకారులు తరచు చెప్పుదురు. మాకు మాత్రము అంకెకంటె, అంకెను పెంచుకొను అవకాశము వాకిట నిలిచియుండగా దానిని త్రోసిపుచ్చిన ఆ సంవత్సరకాలమే గొప్పగా కనబడును.

నేడు చేతిఫోనులలో తిరుగు కొన్ని సందేశములు దీనికి సరిగా ఎదురు దిక్కున నడచుచున్నవి. "ఆమెన్ అని వ్రాయుడు, ఏడుగురికి పంపుడు, సాయంకాలములోగా శుభవార్త విందురు; పంపకున్నచో నష్టపోవుదురు" అను ధోరణి మనమందరము ఎరిగినదే. ఇది ప్రార్థన కాదు, లాటరీ. దేవుని ప్రేమను నమ్మినవాడు ఎదుటివానిని భయపెట్టి తన సందేశమును పంచిపెట్టించుకొనడు. ఇటువంటి వానినే 2020 ఏప్రిలులో వాట్సాప్ వారు, పెక్కుమార్లు చేతులు మారిన సందేశమును ఒక్కమారు ఒక్కరికే పంపవలెనను కట్టడి చేసి కొంత అరికట్టిరి. అది పుకార్ల కొరకు చేసిన కట్టడియే యైనను, పవిత్ర వాక్యములతో అలంకరింపబడిన పుకార్లును అందులో చిక్కినవి.

అంతకంటె బరువైన సంగతి స్వస్థత సాక్ష్యములది. ఒకానొక రోగి ఆస్పత్రి మంచముపై గొట్టములతో పడియుండగా తీసిన ఫోటోను, అతని అనుమతి లేకుండ, "ప్రార్థింపుడు" అని పెట్టుదురు. పెట్టినవారి కన్నీరు నిజమే కావచ్చును. కాని ఆ మంచముపై నున్నవాడు తాను కోలుకొన్న పిదప కూడ ఆ ఫోటో ఊరూర తిరుగుచుండుటను చూడవలసి వచ్చును. అతని పేరు, జబ్బు చెప్పకయే ప్రార్థన కోరవచ్చును; ఎవరిని గూర్చి కోరుచున్నారో వినువాడు ఎరుగునుగదా! ఇక స్వస్థత కలిగినదని ప్రకటించునపుడు, మందులు మానివేసితిమను మాట గొప్పగా చేర్చుట ప్రమాదకరము. క్షయవ్యాధికి చికిత్స సాధారణముగా ఆరునెలలు సాగును. మధ్యలో మాత్రలు మానిన రోగికి జబ్బు మందులకు లొంగని రూపమున తిరుగబెట్టవచ్చును, ఇంటిలోనివారికిని సోకవచ్చును. మూర్ఛరోగి ఒక్కసారిగా మందు నిలిపినచో ప్రాణము మీదికి వచ్చును. ప్రార్థించితిమి, వైద్యుడు చూచెను, ఆరునెలలు మాత్రలు మ్రింగితిమి, దేవునికి కృతజ్ఞులము అని వ్రాసిన సాక్ష్యములో విశ్వాసము ఏమాత్రము తగ్గదు. మూడవ సువార్తను వ్రాసినట్లు సంప్రదాయము చెప్పు లూకా వృత్తిచే వైద్యుడే.

మరియొక లోపము, ఎల్లప్పుడు విజయమునే చాటుట. ఉద్యోగము వచ్చినది, ఇల్లు కట్టితిమి, వీసా దొరకినది, స్తోత్రము. మంచిదే. కాని బైబిలులోని 150 కీర్తనలలో ఎన్నో మొరలు కలవు, దేవుడు తన్ను మరచెనేమో యని తల్లడిల్లిన మనస్సులు కలవు. యోబు గ్రంథము సింహభాగము ఫిర్యాదే. ఈ నెలలో ప్రార్థన సాగుట లేదు, మనస్సు రాయివలె నున్నది అని ఒకడు సూటిగా వ్రాసికొన్నచో, అది అవిశ్వాసమని సలహాలు గుప్పించుటకు ముందు ఆ కీర్తనలను జ్ఞప్తికి తెచ్చుకొనుట మేలు. అటువంటి వ్రాతకు బదులుగా అతనికి ఫోనుచేసి మాటలాడుట ఇంకను మేలు.

భాషను గూర్చి కూడ ఒక మాట చెప్పవలసియున్నది. భారము, విడుదల, అభిషేకము, వాగ్దానము అను మాటలకు సంఘములో ఒక యర్థము, బజారులో ఒక యర్థము. పాతవిద్యార్థుల బృందములో సగము మంది ఇతర మతస్థులుందురు. వారికి ఈ మాటలు మూసిన తలుపులు. తెలుగు క్రైస్తవులకు ఈ విషయమున మంచి వారసత్వమే కలదు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) తమ భక్తిని తెలుగు కీర్తనల బాణీలో పాడుకొనిరి. అవి నేటికిని దేవాలయములలోను యూట్యూబులోను వినబడుచున్నవి. 1957–59 సంవత్సరములలో మద్రాసు రేడియో కేంద్రమున పనిచేసిన మహాకవి జాషువ "క్రీస్తు చరిత్ర"కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. తన క్రీస్తును ఆయన తెలుగువారందరికి తెలిసిన పద్యములో నిలిపెను. అర్థము చేసికొనుటకు ఎవరును ముందుగా సంఘములో చేరవలసిన పని లేకపోయినది. ఇతరుల దేవతలను దూషించి చేయు వ్రాత మాత్రము సాక్ష్యమని పిలువబడ నర్హము కాదు. పేతురు తన మొదటి పత్రికలో అడిగినవారికి సమాధానము చెప్పుటకు సిద్ధముగా నుండుమనెను, అదియును మృదువుగా, గౌరవముతో. అడుగనివానితో అర్ధరాత్రివరకు వ్యాఖ్యలలో కలహించుమని అందులో లేదు.

ఏమియు వ్రాయనివారు కూడ కలరు. వారి మౌనమును కొలుచుటకు తొందరపడరాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను మతముతో ముడిపెట్టినది. అది 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరింపబడినదిగాని క్రైస్తవులకు విస్తరింపబడలేదు. అందుచే మన పల్లెలలో ఒక కుటుంబమునకు బాప్తిస్మపు ఫోటో యనునది చదువుతోను, ఉద్యోగముతోను, ధ్రువపత్రముతోను కూడిన వ్యవహారము కాగలదు. ఈ యుత్తరువు న్యాయాన్యాయములు నేటి మన విషయము కాదు. కాని ఆ ఫోటోను వారిని అడుగకయే సంఘము తన పుటలో వేసి, "ఈ వారము ఇందరు" అని అంకె కట్టుట అన్యాయము. బయటపడుట ఆ కుటుంబము చేయవలసిన నిర్ణయము. వెల చెల్లించువారు వారేగదా!

ఈ మాధ్యమమును విడిచిపెట్టుడని మేము చెప్పుట లేదు. 2020లో దేశమంతయు మూతబడియుండగా ఏప్రిలు 12న వచ్చిన ఈస్టరు పండుగను ఎందరో తెలుగువారు చేతిఫోను చుట్టు కూర్చుండి ఆచరించిరి. మంచము దిగలేని వృద్ధులకు ఆ సౌకర్యము నేటికిని అక్కరకు వచ్చుచున్నది. అట్లే సంఘపు బృందములో ఒక మరణవార్త వచ్చిన దినమును తలచుకొందము. నిమిషములలో ఆత్మశాంతిని కోరు మూడు ఆంగ్లాక్షరములు వరుసగా దిగును, నూరుమంది పేర్లతో. వాని నడుమ ఎవరో ఒకరు, "సాయంకాలము ఆరు గంటలకు అన్నము కెరియరుతో ఆ యింటికి పోవుచున్నాను, తోడు ఎవరు వత్తురు?" అని వ్రాయుదురు. దానికి మెచ్చుకోలు గుర్తులు అంతగా రావు. ఇద్దరో ముగ్గురో వత్తుమని బదులు వ్రాసి, ఆరు గంటలకు వీథి చివర కలిసికొందురు.