పాత కాగితం చదివించడానికి ఏ ఏఐని నమ్మాలి?

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మన కొరాపుట్ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. అందుకే మన ట్రంకుపెట్టెల్లో తాతల నాటి దస్తావేజులు తెలుగులో దొరుకుతాయి. తర్వాతవి ఒడియాలో, ఇంగ్లీషులో. 1992లో రాయగడ వేరే జిల్లా అయ్యాక జిల్లా పేరూ మారింది. పైగా మన ఎ–ఏ, ఒ–ఓ తేడా ఒడియా లిపిలో లేదు. ఒకే మనిషి పేరు మూడు కాగితాల్లో మూడు రకాలు! పింఛనుకో లోనుకో వెళ్తే అక్కడే ఆగిపోతాం.

ఈ కాగితాల్లోంచి పేరు, తేదీ, సర్వే నంబరు తీసి పట్టికలో పెట్టే పని ఇప్పుడు ఏఐ చేస్తోంది. చాట్‌జీపీటీ, జెమిని, క్లాడ్... ఏది మంచిదని పిల్లలు అడుగుతున్నారు. నూలు కౌంటు చూడకుండా అచ్చు ఎంచుకుంటామా? ఇదీ అంతే. ముందు కాగితం చూడాలి.

శుభ్రంగా అచ్చయిన కాగితమైతే టెస్సరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలావరకు సరిపోతుంది. తెలుగు, ఒడియా రెండూ చదువుతుంది, మన కంప్యూటర్లోనే నడుస్తుంది. చేతిరాత దగ్గర అది బోల్తా పడుతుంది. అక్కడ బొమ్మ చూసి అర్థం చేసుకునే పెద్ద మోడల్ కావాలి.

కానీ పెద్ద మోడల్‌కి ఒక జబ్బుంది. మా ఇంట్లో జరిగిందే చెప్తాను. మా నాన్నగారి సొసైటీ పాసుపుస్తకంలో సిరా పాకిన 135 రూపాయల్ని అది 185 అని రాసింది. అనుమానం ఉందని ఒక్క ముక్క చెప్పలేదు! అంత నీటుగా రాస్తే ఎవరికి అనుమానం వస్తుంది? అమ్మ గుర్తుపట్టింది కాబట్టి సరిపోయింది.

అందుకని పేరు చూసి ఎంచుకోకండి, పరీక్ష పెట్టండి. ఇరవై కాగితాలు తీసుకుని, సరైన జవాబులు ముందే మన చేత్తో రాసి పెట్టుకోవాలి. అవే కాగితాలు అన్ని మోడళ్ళకీ ఇవ్వాలి. "కనబడకపోతే ఖాళీ వదిలెయ్, ఊహించకు" అని కచ్చితంగా చెప్పాలి. తర్వాత పేర్లలో ఎన్ని తప్పులు, అంకెల్లో ఎన్ని తప్పులు అని విడివిడిగా లెక్కపెట్టాలి. నా మటుకు, పది గళ్ళు ఖాళీ వదిలేసినదే మేలు. ఒక్క గడి కల్పించినా నాకొద్దు. ఖాళీ ఉంటే మనం నింపుకుంటాం. కల్పించినదాన్ని ఎక్కడని వెతుకుతాం?

ఖర్చు సంగతి: చాలా మోడళ్ళు మన లిపిని ఇంగ్లీషు కంటే ఎక్కువ ముక్కలు చేసి లెక్కేస్తాయి, బిల్లు పెరుగుతుంది. వందల కాగితాలు ఇచ్చేముందు పది ఇచ్చి చూసుకోండి.

ఆధార్, బ్యాంకు నంబర్లు ఉన్నవి మాత్రం బయటి యాప్‌లో పెట్టకండి. నంబరు కప్పి ఫోటో తీయండి, లేదా సొంత కంప్యూటర్లో నడిచే జెమ్మా, క్వెన్ లాంటివి వాడండి. కాస్త మంచి కంప్యూటర్ కావాలి. ఇంటికొకటి కొనక్కర్లేదు, సంఘానికి ఒకటి చాలు.

ఫోటో పగటి వెలుగులో, నీడ పడకుండా తీయండి. మడతల దగ్గర మెల్లగా, చిరిగిపోతాయి. అసలు కాగితం మళ్ళీ పెట్టెలోకే వెళ్ళాలి.