ఓడలో తీరిక: కొన్ని అనుభవములు, కొన్ని ప్రశ్నలు

(గుడియాత్తములో మనవారి సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



విహారనౌకలో పోయి వచ్చితిమని తెలిసిన నాటినుండి మమ్ము నిలిపి ప్రశ్నించువారు పలువురు. మగ్గముల వీథిలో ఒకరు, కాట్పాడి రైలులో ఒకరు, రాయవేలూరులో ఒక పెండ్లిపందిటిలో నలుగురు. ఎంత యైనది? వాంతులు కాలేదా? శాకాహారము దొరకునా? మా అమ్మను తీసికొని పోవచ్చునా? ఒక్కొక్కరికి విడిగా చెప్పుటకంటె అందరకు ఒక్కమారు చెప్పుట మేలని కార్యదర్శిగారు మమ్మీ సాయంకాలము ఇచ్చట నిలువబెట్టిరి. మేము నావికులము కాము, టిక్కెట్లమ్ము ఏజెంటులము కాము. తీరికగా పోయి తీరికగా వచ్చినవారము. అడిగినవారందరిలో చివరి ప్రశ్న వేసినవారిపైననే మాకు మనసు నిలిచినది. బిడ్డలు విదేశములనుండి సొమ్ము పంపి "అమ్మను ఓడ యెక్కింపుడు" అని వ్రాయుచున్నారు, అమ్మ వలదనుచున్నది. ఈ రెంటికి నడుమ నున్న యిండ్లు మనలో కొన్ని కలవు.

అమ్మ వలదనుటకు కారణము లేకపోలేదు. మన ప్రాంతమునకు సముద్రము దూరము. రాయవేలూరునుండి చెన్నై రేవు సుమారు 140 కిలోమీటరులు. మనకు తెలిసిన నీరు పాలారు, కౌండిన్య. వానిలోను ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకయే. అయినను ఓడ యను మాట మన యిండ్లకు క్రొత్తది కాదు. ఉత్తర ఆర్కాటు జిల్లానుండి మలయా రబ్బరుతోటలకు పోయినవారెందరో కలరు. 1926లో కట్టబడిన 'రజులా' అను ఓడ 1973 వరకు మద్రాసు, నాగపట్టణము, పినాంగు, సింగపూరుల నడుమ తిరిగినది. దాని తరువాత తిరిగిన 'చిదంబరం' 1985 ఫిబ్రవరిలో సముద్రమధ్యమున అగ్నిప్రమాదమునకు లోనై, పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ ఓడలలో పేదవారు డెక్కుమీద చాప పరచుకొని, ట్రంకుపెట్టె తలక్రింద పెట్టుకొని పోయినవారే. వారికి ఓడ దాటవలసిన కష్టము. ఆవలియొడ్డున కూలి యున్నదని ఓర్చుకొనిరి. ఆ కథలు విని పెరిగిన ముదుసలికి, ఆవలియొడ్డున ఏ పనియు లేకయే డబ్బిచ్చి ఓడ యెక్కుట వింతగా తోచుటలో వింత లేదు.

ఇప్పటి సంగతి వేరు. 2022 జూన్ 4వ తేదీన తమిళనాడు ముఖ్యమంత్రి శ్రీ ఎం. కె. స్టాలిన్ పచ్చజెండా చూపగా 'ఎంప్రెస్' అను విహారనౌక చెన్నై రేవునుండి బయలుదేరినది. 1990లో ఫ్రాన్సు దేశమున కట్టబడిన ఓడ అది. పొడవు సుమారు 210 మీటరులు. 2023 జూన్‌లో చెన్నైనుండి శ్రీలంక రేవులకు ప్రయాణములు మొదలైనవి. అదే యేట సెప్టెంబరు 4న విశాఖపట్టణమున విహారనౌకలకై ప్రత్యేకముగా ఒక టెర్మినలు ప్రారంభింపబడినది. ఇందు ఋతువు సంగతి యొకటి యున్నది. నైరృతి ఋతుపవనము అరేబియా సముద్రమును కలచివేయు నెలలలో బొంబాయి వైపు తిరుగు ఓడ తూర్పు తీరమునకు వచ్చును. కావున చెన్నైనుండి ఓడ కావలెనన్న జూన్ మొదలు సెప్టెంబరు వరకు గల కాలమును విచారింపవలెను. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు బంగాళాఖాతమున తుపానుల భయము. మార్గములు ఏటేట మారును. నిరుడు పోయిన ఓడ ఈ యేడు అదే దారిని పోవునని నమ్మరాదు.

మేము 2022వ సంవత్సరపు వర్షకాలమున చెన్నైనుండి విశాఖకు పోయి వచ్చితిమి. ఇంటివారము నలుగురము, మా వదినగారు, ఆమె కుమారుడు. మొదటి సాయంకాలము ఆ కుఱ్ఱవాడు కార్యక్రమపత్రము చేతబట్టుకొని, ఈ అంతస్తున పాట, ఆ అంతస్తున ఇంద్రజాలము, మరియొక చోట ఫలహారము అని మెట్లెక్కుచు దిగుచు అర్ధరాత్రికి అలసిపడెను. మనవారిలో చాలమంది ఓడను ఇట్లే అనుభవింతురు. తిరుమలకు పోయినను కాశికి పోయినను మనకు దర్శనము ముఖ్యము, దారి భారము. ఓడలో దారియే సర్వస్వము. చేరవలసిన చోటు ఒక పూట ముచ్చట.

రెండవ దినమంతయు నీరే. ఒడ్డు లేదు, ఫోను పలుకదు. మా వదినగారి యింట తెల్లవారినది మొదలు మగ్గము చప్పుడు, పొయ్యి, వచ్చిపోవు జనము. ఓడపై ఈ మూడును లేవు. ఉదయము కాఫీ త్రాగి మీది అంతస్తున నీడలో కుర్చీ వేసుకొని కూర్చుండిన మనిషి, భోజనమునకు పిలుచువరకు లేవలేదు. తన తండ్రి చిత్తూరునుండి ఎడ్లబండిమీద నూలు తెచ్చిన రోజులు, తాను పెండ్లికూతురై గుడియాత్తము వచ్చిన దినమున తమిళ మొక ముక్కయు రాక ఏడ్చిన సంగతి, ఇట్లు ఒకదాని వెంట ఒకటి చెప్పుచు పోయెను. ముప్పది సంవత్సరములుగా మేము వారానికొకమారు ఆ గడప త్రొక్కుచున్నాము. ఇవి యెన్నడును వినలేదు. ఎందుకు చెప్పలేదని అడుగగా, "మీరెప్పుడు కూర్చున్నారు గనుక?" అనెను. ఆ ఒక్క దినమునకే మేమిచ్చిన సొమ్ము చెల్లిపోయినదని మా లెక్క.

మూడవనాటి యుదయము విశాఖ. ఎడమవైపున డాల్ఫిన్స్ నోస్ కొండ. కుడివైపున రాస్ కొండపై మేరీమాత గుడి, దర్గా కొండ, వేంకటేశ్వరుని కొండ. రైలు దిగి విశాఖ చూచినవారు ఆ నగరమును వెనుకనుండి చూచినవారే యని మాకు తోచినది. దిగుటకు కొద్ది గంటల వ్యవధియే యుండును. ఆ వ్యవధిలో సింహాచలము, కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి మూడును చూడవలెనని పరుగిడువారు మూటిని చూడరు. మేము సింహాచలమొక్కటి చూచి వచ్చితిమి. ఆటో నడపు అబ్బాయి మా మాట విని "మీదే ఊరండీ? మీ తెలుగేటి ఇలగుంది?" అని అడిగెను. మా వదినగారు నవ్వి, "మాది తమిళదేశము బాబూ, తెలుగు మాత్రము మా యింటిది" అనిరి. అతడు కూలిలో పది రూపాయలు తగ్గించెను. ఎందుకో మాకు తెలియదు.

ఇక లౌకికమైన ప్రశ్నలు. మొదటిది డబ్బు. ప్రకటనలో కనబడు ధర మొత్తము ధర కాదు. అది సాధారణముగా ఇద్దరుండు గదిలో ఒకరికి, అందును కిటికీ లేని లోపలి గదికి చెప్పు ధర. దానిపై పన్నులు, రేవు సుంకములు, సిబ్బంది బహుమానము చేరును. ఒంటరిగా పోవువారు ఒక్కరే గది తీసికొన్న హెచ్చు చెల్లింపవలసి వచ్చును. ముఖ్య భోజనశాలలలోని ఆహారము ధరలో చేరియే యుండును. పానీయములు, ప్రత్యేక భోజనశాలలు, ఒడ్డున తిప్పి చూపు బండ్లు, ఇంటర్నెట్టు వేరు. ఓడలో నోట్లు చెల్లవు, గదితాళమగు కార్డుమీదనే వ్రాసికొందురు. చేతినుండి డబ్బు జారుట కానరాదు గనుక చివరినాడు చీటి చూచి ఉలికిపడువారు కలరు. ప్రతి రాత్రియు ఆ లెక్క అడిగి చూచుకొనవలెను. ఏడువందల యేండ్లకు మించిన పూర్వమే, 1244-45లో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో శాసనము వేయించి, పరదేశపు వర్తకులనుండి తీయు సుంకమింతయని, అంతకు మించి తీయమని శిలపై చెక్కించెను. టిక్కెట్లమ్మువారు ఆ రాతిని ఒకమారు చదివిన బాగుండును. టిక్కెట్టు రద్దుచేసికొన్న ఎంత తిరిగి వచ్చునో కాగితముమీద వ్రాయించుకొనుడు. "ఓడ యెక్కువరకు ఓడమల్లయ్య, ఓడ దిగిన పిదప బోడిమల్లయ్య" యను సామెత మనదే కదా. ఇక్కడ బోడిమల్లయ్య మనమే యగుదుము.

వాంతుల సంగతి. చెవిలోని తుల ఊగుచున్నదని చెప్పును, గదిలోని గోడను చూచు కన్ను కదలుట లేదనును. ఆ తగవే కడుపులో త్రిప్పు. ఈనాటి ఓడలకు ఇరుప్రక్కల నీటిలో రెక్కలవంటివి యుండి ఊపును చాలవరకు తగ్గించును. అయినను గది కోరుకొనుటలో తెలివి యున్నది. ఓడ కూడ త్రాసువంటిదే. నడుమ కదలిక తక్కువ, కొనలయందు హెచ్చు. కావున పొడవున నడిమిభాగమున, క్రింది అంతస్తులలో గది అడుగవలెను. మీది అంతస్తులోని బాల్కనీగది అందమైనదే, ఖరీదైనదే, ఊగునదియు అదియే. త్రిప్పుడు పట్టినప్పుడు గదిలో పడుకొనక బయటికి వచ్చి దిగంతమును చూడుడు. అల్లము కొందరికి పనిచేయును. మాత్రలు త్రిప్పుడు మొదలిడక మునుపే వేసికొనవలెను. వృద్ధులు వైద్యుని అడుగక వేసికొనరాదు, కొన్ని మత్తును, మూత్రబంధమును కలిగించును.

ఇప్పుడు అమ్మ సంగతి. రాయవేలూరు వారమగుటచే మనకొక ధైర్యము అలవాటైనది. గుండె కొంచెము పట్టినట్లున్న అరగంటలో సి.ఎం.సి. ఆసుపత్రి గుమ్మమున నుందుము. ఓడలో వైద్యుడుండును, చిన్న చికిత్సాలయముండును, శస్త్రచికిత్సాలయముండదు. ఒడ్డు కొన్ని గంటల దూరము, ఒక్కొక్కప్పుడు ఒకదినము దూరము. కావున ఇటీవల గుండెకు చికిత్స జరిగినవారు, డయాలిసిస్‌ మీద నున్నవారు, ఊపిరికి కష్టపడువారు తమ వైద్యుడు సరే యనిననే పోవలెను. మధుమేహము, రక్తపుపోటు అదుపులో నున్నవారికి అడ్డులేదు. మందులు రెండింతలు, చేతిసంచిలోనే. పెద్ద పెట్టెలు గదికి చేరుటకు రాత్రియగును. మోకాళ్ల నొప్పులవారు చక్రపుకుర్చీ సంగతి ముందుగానే తెలుపవలెను. లిఫ్టులు కలవు గాని స్నానపుగది గడప ఎత్తుగా నుండుట సామాన్యము. తడి కాలితో తట్టుకొని పడుటయే ఓడలో వృద్ధులకు ముఖ్యమైన అపాయమని మా భయము. మొదటిసారి అయిదు రాత్రులు వలదు, రెండు రాత్రుల ప్రయాణము చూడుడు. ఇవన్ని చూచుకొన్న తరువాతను అమ్మ వలదన్నచో మానుడు. బలవంతముగా ఎక్కించినవారి ముఖములు మేము చూచితిమి. భోజనశాలలో ఒక మూల కూర్చుండి ఇంటిని తలచుకొనుచుండిరి.

నిండు గర్భిణులను చాల కంపెనీలు 24వ వారము దాటిన ఎక్కనీయవు. ఆరునెలలు నిండని శిశువులనుగూడ ఎక్కనీయవు. దేశములోని రేవులకు గుర్తింపుపత్రము చాలును, టిక్కెట్టులోని పేరు దానిలోని పేరు ఒక్కటిగా నుండవలెను. మనలో ఇంటిపేరు ముందు కొందరికి, తండ్రిపేరు తొలియక్షరముగా కొందరికి, తెలుగు స్పెల్లింగొకటి తమిళ స్పెల్లింగొకటి. ఈ చిక్కు మనకే యెక్కువ. విదేశపు రేవు తగిలినచో ఆరునెలల గడువు మిగిలిన పాస్‌పోర్టు కావలెను, వీసా నియమములు బయలుదేరుటకు ముందు అడిగి తెలిసికొనవలెను. రేవు తలుపులు ఓడ కదలుటకు చాల ముందే మూయుదురు. కాట్పాడినుండి ఆ యుదయపు రైలుకు పోవచ్చును గదా యని అనుకొనవలదు. ముందురోజే చెన్నై చేరి బంధువుల యింట పరుండుడు. రైలు తప్పిన మరియొక రైలున్నది.

ఎక్కిన పిదప అభ్యాసమునకై అందరిని ఒకచోటికి పిలుతురు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత ప్రమాద సంకేతము. దీనిని ఆటగా తీసికొనరాదు. 2012 జనవరిలో ఇటలీ తీరమున 'కోస్టా కాంకార్డియా' ఒరిగి 32 మంది మరణించిరి. ఆ నాడు ఎక్కినవారిలో వందలమందికి ఇంకను అభ్యాసము జరుగలేదు. అటుపిమ్మట, ఓడ కదలుటకు ముందుగాని కదలిన వెంటనేగాని అభ్యాసము జరుపవలెనని అంతర్జాతీయ నియమము మారినది.

శాకాహారమునకు మన తీరపు ఓడలలో కొరత లేదు. సింగపూరునుండి పోవు ఓడలలో టిక్కెట్టు కొనునాడే వ్రాయించుకొనవలెను. చేతులు సబ్బుతో కడుగుకొనుడు. ఒకరికి పట్టిన విరేచనములు అంతమంది జనములో త్వరగా ప్రాకును. కొన్ని ఓడలలో జూదపుగది కలదు. మా కుఱ్ఱవానిని మా వదినగారు ఆ గుమ్మము దాటనీయలేదు, మేమును ఆమె పక్షమే.

ఇంత సొమ్ము లేనివారికి మరియొక త్రోవ కలదు. చెన్నైనుండియు విశాఖనుండియు అండమాను దీవులకు ప్రయాణికుల ఓడలు పోవును. చేరుటకు ఇంచుమించు మూడు దినములు. అవి విహారనౌకలు కావు. పాట లేదు, ఈతకొలను లేదు, భోజనము సాదా. క్రింది తరగతి పడకకు ధర చాల తక్కువ. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిన పోర్టు బ్లెయిరులో దిగిన తెలుగువారికి తెలుగు వినబడని వీథి యుండదని పోయివచ్చినవారు చెప్పుదురు. బయలుదేరు తేదీలు నెలకు కొన్నియే, మారుచుండును. కనుక పనివేళ లెక్కించుకొను మగ్గపువారికంటె పింఛనుదారులకు అది తగినది.

కడపట ఒక చిన్న మాట, భయపడుదురేమో యని చెప్పుచున్నాము. ఓడ దిగి ఇల్లు చేరిన తరువాత ఒకటి రెండు దినములు నేల ఊగుచున్నట్లే యుండును. మా వదినగారు వంటింటి తలుపు పట్టుకొని నిలిచి, గుడియాత్తము కదలుచున్నదని కేక వేసిరి. చాలమందికి అది తనంత తానే పోవును. వారము దాటినను పోకున్న వైద్యునికి చూపుడు.