డిస్కవరీలో వచ్చిందంటే నిజమేనా? మెగాలడాన్ అసలు కథ

ఏదైనా వాదన జరుగుతున్నప్పుడు "డిస్కవరీలో చూపించార్రా" అంటే చాలు, అవతలి వాడు ఇంక మాట్లాడడు. ఆ పేరు మీద మనకున్న నమ్మకం అలాంటిది. మరి ఆ నమ్మకాన్ని ఆ ఛానలే ఒకసారి ఎలా వాడుకుందో తెలుసా? ఈరోజు అదే చూద్దాం.

ముందు కొంచెం హిస్టరీ. జాన్ హెండ్రిక్స్ అనే ఆయన 1985 జూన్ 17న అమెరికాలో డిస్కవరీ ఛానల్ స్టార్ట్ చేశారు. సినిమాలు లేవు, సీరియల్స్ లేవు, అన్నీ డాక్యుమెంటరీలే. మొదట్లో అది వచ్చింది 1,56,000 ఇళ్లకి మాత్రమే. 1988లో షార్క్ వీక్ మొదలైంది. అంటే ఏడాదికి ఒక వారం మొత్తం సొరచేపల మీదే ప్రోగ్రామ్స్. పెద్ద హిట్. 1995లో ఛానల్ మన ఇండియాకి వచ్చింది, తర్వాత తెలుగులో కూడా విన్నాం.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. 2013 ఆగస్టు, షార్క్ వీక్. మెగాలడాన్ అనే రాక్షస సొరచేప ఇంకా బతికే ఉందని ఒక షో వేశారు. సౌత్ ఆఫ్రికా దగ్గర పడవ మునిగిపోవడం, దాన్ని వెతుక్కుంటూ ఒక సైంటిస్ట్ వెళ్లడం, వణికే కెమెరా... అంతా పక్కా డాక్యుమెంటరీలాగే ఉంటుంది. కానీ ఆ సైంటిస్ట్ ఒక యాక్టర్! మెగాలడాన్ అంతరించిపోయి 20 లక్షల ఏళ్ల పైనే అయింది. "కొన్ని సంఘటనలు, పాత్రలు నాటకీయంగా చూపించాం" అనే అర్థం వచ్చే లైన్ చివర్లో కొన్ని సెకన్లు వేశారంతే. యాప్‌లో టర్మ్స్ అండ్ కండిషన్స్ లాగా, ఎవరు చదువుతారు చెప్పండి?

చూసింది ఎంతమందో తెలుసా? 48 లక్షల మంది. అప్పటికి షార్క్ వీక్‌లో అదే రికార్డ్. సైంటిస్టులు, ఫ్యాన్స్ గట్టిగా తిట్టారు. అయినా 2014లో రెండో భాగం వచ్చింది!

ఎందుకలా? పే ఛానల్‌కి డబ్బు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి మనం కట్టే నెల చందా, రెండోది యాడ్స్. యాడ్ రేటు ఎంతమంది చూశారనే దాని మీద ఉంటుంది. నిజమైన సొరచేపని షూట్ చేయాలంటే నెలలు పట్టొచ్చు, ఒక్క షాట్ కూడా దొరక్కపోవచ్చు. గ్రాఫిక్స్ సొరచేప మాత్రం చెప్పిన టైమ్‌కి వస్తుంది.

2015లో ఛానల్ కొత్త ప్రెసిడెంట్ రిచ్ రాస్, తన హయాంలో ఇలాంటివి ఉండవని చెప్పారు. అంటే ప్రేక్షకులు అడిగితే పని జరుగుతుంది.

అలాగని ఛానల్ మొత్తం ఫేక్ అనడం కూడా తప్పే. 2003లో మిత్‌బస్టర్స్ ఇచ్చింది కూడా ఈ డిస్కవరీయే. అందులో మాటలు కాదు, మన కళ్ల ముందే టెస్ట్ చేసి చూపించేవాళ్లు. తేడా అక్కడే ఉంది. అందుకే లోగో చూసి నమ్మకండి. "ఈ విషయం వీళ్లకి ఎలా తెలిసింది?" అనేది షోలో చూపించారా లేదా చూడండి. సైంటిస్ట్ పేరు సెర్చ్ చేయండి. ఏ యూనివర్సిటీలోనూ, ఏ రీసెర్చ్‌లోనూ ఆ పేరు కనపడకపోతే డౌట్ పడాల్సిందే.

ఎందుకంటే ఇప్పుడు ప్రాబ్లమ్ ఇంకా పెద్దది. టీవీలో కనీసం చివర్లో ఆ లైన్ ఉండేది. 30 సెకన్ల రీల్‌గా కట్ చేస్తే అది కూడా ఎగిరిపోతుంది, లోగో మాత్రం మిగులుతుంది.

మీరు నిజమని నమ్మి, తర్వాత ఫేక్ అని తెలిసిన వీడియో ఏంటో కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!