భవనమునకు చెవి

భవనమును చూచుటకు మాత్రమే కాదు, వినుటకు కూడ కట్టవలెను. ఈ సంగతిని లెక్కతో నిరూపించినవాడు అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు వాలెస్ సాబిన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమున ఫాగ్ మ్యూజియమునందలి ఉపన్యాసశాల క్రొత్తదైనను నిరుపయోగముగా నుండెను. అచట పలికిన మాట 5 సెకండ్లకు పైగా మ్రోగుచు, వెనువెంట వచ్చు మాటలను మ్రింగివేయుచుండెను. దానిని బాగుచేయు భారము సాబిన్‌పై పడెను.

వీధి సద్దు అణగిన రాత్రులయందు ఆయన ఆర్గన్ గొట్టమును మ్రోగించి, ఆపిన పిదప ధ్వని యెంతసేపు వినబడునో కొలిచెను. సమీప నాటకశాలనుండి మెత్తలు తెచ్చి పరచినకొలది ఆ కాలము తగ్గెను. గది ఘనపరిమాణము హెచ్చిన మ్రోత నిలుచుననియు, ధ్వనిని పీల్చు వస్తువులు హెచ్చిన తరుగుననియు తెలుపు సూత్రమును 1898లో కనుగొనెను. 1900లో తెరచిన బోస్టన్ సింఫనీ హాలు నిర్మాణమున ఆ సూత్రమే తోడ్పడెను.

మ్రోత బొత్తిగా లేనిచో సంగీతము ఎండిపోవును. మిక్కుటమైనచో మాట చెడును. ఆ నడిమి కొలతను కుదుర్చుటయే ధ్వని ఇంజనీరు పని. పాఠశాల కట్టునపుడు ఇటుకకు, సున్నమునకు లెక్క చూచువారు చెవిని మరువరాదు. వెనుక బల్లపై కూర్చున్న బాలునకు గురువు మాట అందనిచో, గోడలెంత నునుపుగా నున్న నేమి ప్రయోజనము?