లారీ ఎక్కిన కొడుకు ఎప్పుడు నిద్రపోతాడు?



ఇవాళ్టి మాట నిద్ర గురించి. నిద్రకు కూడా పాఠం కావాలా అని నవ్వకండి. నిద్రకు చట్టం ఉంది. ఆ చట్టంలో గంటల లెక్క ఉంది. లారీ నడిపేవాళ్లలో కొందరికి ఆ లెక్క తెలియదు. తెలిసినవాళ్లకు కుదరదు. ఆ లారీ నడిపేవాడు ఎవరో పరాయివాడు కాదు. ఒకరి కొడుకు, ఒకరి పెనిమిటి, ఒకరి తమ్ముడు.

కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లు చూడండి. కైకలూరు, ఆకివీడు, భీమవరం. ఎటు చూసినా చేపల చెరువులే. ఆ చేపలో ఇక్కడ తినేది కొంచెమే. మిగిలినదంతా ఐసు వేసి, పెట్టెల్లో సర్ది, లారీలకు ఎక్కిస్తారు. హౌరా పోతుంది. గౌహతి పోతుంది. చేప చెరువు దాటిన దగ్గర్నుంచి ఐసు కరుగుతూనే ఉంటుంది. ఆలస్యమైతే రంగు మారుతుంది, ధర పడిపోతుంది. ఆ తొందరంతా ఎవరి మీద పడుతుంది? స్టీరింగు పట్టుకున్నవాడి మీద.

ఆకివీడు దగ్గర ఒక పల్లెలో ఒక తల్లి ఉందనుకోండి. ఆమె కొడుక్కి 22 ఏళ్లు. మూడేళ్లు క్లీనరుగా తిరిగాడు. ఇప్పుడు డ్రైవరయ్యాడు. లైసెన్సు ఊరికే రాలేదు. 20 ఏళ్లు నిండితేనే సరుకుల బండికి లైసెన్సు ఇస్తారు. అంతకు ముందు ఏడాదిపాటు చిన్న బండి లైసెన్సు చేతిలో ఉండాలి. ఒకప్పుడు ఎనిమిదో తరగతి చదివి ఉండాలనే నియమం కూడా ఉండేది. 2019లో దాన్ని తీసేశారు. తీసేశారు గనక చదువుతో పనిలేదనుకోకండి. లారీ పనిలో దారి పొడవునా బోర్డులే, చేతి నిండా కాగితాలే.

కొడుకు డ్రైవరయ్యాడని తల్లి పొంగిపోయింది. కొబ్బరికాయ కొట్టింది, లారీకి నిమ్మకాయలు కట్టింది. "జాగ్రత్తగా వెళ్లు నాన్నా" అంది. "నువ్వేం బెంగపెట్టుకోకమ్మా" అన్నాడు వాడు.

జాగ్రత్త అంటే ఏమిటి? నెమ్మదిగా నడపడం, తాగకుండా ఉండడం. అందరూ చెప్పేది అదే. నిద్ర సంగతి ఎవరూ చెప్పరు.

చట్టం ఏం చెప్పిందో ముందు చూడండి. 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదు అంది. దూరం పోయే బండ్లకు అనుమతి తీసుకుంటే రోజుకు 10 గంటల దాకా పోవచ్చు అంది. వరసగా 5 గంటలు పనిచేస్తే కనీసం అరగంట ఆగాలి. ఒకరోజు పని ముగిసి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టేలోపు 9 గంటలు వరసగా విశ్రాంతి ఉండాలి. వారానికి ఒకరోజు సెలవు.

ఆ చట్టం బదులు ఇప్పుడు వేరేది వచ్చింది. 2020లో పార్లమెంటు కొత్త కార్మిక చట్టాలు చేసింది. అవి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. కొత్తదానిలోనూ రోజుకు 8 గంటలే. వారానికి 6 రోజులే. అంతకు మించి పని చేయిస్తే ఆ గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలి. మధ్యలో ఎంతసేపు ఆగాలో ప్రభుత్వం విడిగా చెబుతుంది. 5 గంటలకు అరగంట, రెండు పనుల మధ్య 9 గంటలు అన్న పాత లెక్క మాత్రం ఒంటికి సరిపోయే లెక్క. దాన్ని మరిచిపోనక్కరలేదు.

ఇప్పుడు పలక తీయండి. ఒక లెక్క వేద్దురు గాని.

ఆకివీడు నుంచి హౌరాకు దూరం 1,200 కిలోమీటర్లు అనుకోండి. లోడు బండి గంటకు 40 కిలోమీటర్లు పోతుందనుకోండి. 1,200ని 40 పెట్టి భాగించండి. 30 వస్తుంది. అంటే 30 గంటల పరుగు. రోజుకు 8 గంటల చొప్పున నడిపితే మూడు రోజులకు 24 గంటలు. ఇంకా 6 మిగిలాయి. నాలుగో రోజుకు గాని హౌరా రాదు.

చేపల వ్యాపారి నాలుగు రోజులు ఆగుతాడా? ఆగడు. రెండు రోజుల లోపే రమ్మంటాడు. ఇద్దరు డ్రైవర్లుంటే అది కుదురుతుంది. ఒకడు నడుపుతుంటే ఒకడు పడుకుంటాడు. ఒకడి 8, ఇంకొకడి 8, మొత్తం 16. రెండు రోజులకు 32. సరిపోయింది.

పూర్వం నేషనల్ పర్మిటు బండికి కనీసం ఇద్దరు డ్రైవర్లు ఉండి తీరాలి. రెండోవాడు కాళ్లు చాపుకుని పడుకోడానికి సీటు వెనక చోటు ఉండాలి. అది కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిబంధన. 2018లో ఇద్దరు ఉండాలన్న మాట తీసేశారు. ఇప్పుడు ఒక్క డ్రైవరుతోనూ బండి పంపవచ్చు. చాలామంది అలాగే పంపుతున్నారు. రెండో డ్రైవరు జీతం మిగిలింది. ఎవరికి మిగిలింది? ఆ మిగులు ఎవరి నిద్రలోంచి వచ్చింది? దీనికి పలక అక్కర్లేదు.

ఆ కొడుకు మొదటి ట్రిప్పు ఎలా సాగిందో చూడండి. తెల్లవారుజామున 5 గంటలకు లేచాడు. చెరువు గట్టుకు బండి పట్టాడు. వల లాగేదాకా ఆగాడు. కాటా, ఐసు, పెట్టెలు. పెట్టెలు ఎన్ని ఎక్కాయో నిలబడి లెక్క చూసుకున్నాడు. పట్టా కప్పి, తాడు బిగించాడు. సాయంత్రం 6 అయింది. అప్పుడు బయల్దేరాడు.

5 గంటలు నడిపేసరికి రాత్రి 11. అనకాపల్లి దగ్గర పడ్డాడు. అరగంట ఆగి టీ తాగాడు. మళ్లీ 3 గంటలు నడిపాడు. శ్రీకాకుళం దరిదాపులకు వచ్చేసరికి రాత్రి 2.30. మొత్తం 8 గంటలు నడిపాడు. నడిపిన గంటలు మాత్రమే చూస్తే 8 దాటలేదు.

కాని వాడు లేచింది ఎప్పుడు? తెల్లవారుజామున 5 గంటలకు. రాత్రి 2.30కి ఎన్ని గంటలైంది? వేళ్ల మీద లెక్కపెట్టండి. ఇరవై ఒకటిన్నర గంటలు! నడిపిన లెక్క చక్రం తిరిగిన గంటలే చూస్తుంది. ఒళ్లు మాత్రం కన్ను తెరిచి ఉన్న గంటలు లెక్కపెట్టుకుంటుంది. 17 గంటలు వరసగా మేలుకున్న మనిషి కొద్దిగా తాగిన మనిషిలాగే తడబడతాడని వైద్యులు పరీక్షలు చేసి చూశారు. చుక్క ముట్టని కొడుకు కూడా ఆ వేళకు తాగినవాడితో సమానమే.

ఇంకో సంగతి. ఎదురుచూసే గంటల లెక్క మరీ వింతగా ఉంటుంది. లోడు ఎక్కే చోట, దిగే చోట పావుగంట లోపు ఊరికే ఆగితే అది పనిగంటల్లోకి వస్తుంది. అంతకు మించి రాత్రంతా ఆగినా పని కింద రాయరు. పోనీ అది విశ్రాంతా అంటే, కాదు. ముందు బండి కదిలినప్పుడల్లా లేచి తన బండి జరపాలి. పేరు పిలిస్తే పరుగెత్తాలి.

బండి ఆపి పడుకున్నా నిద్ర నిండదు. దాబా దగ్గర ఆపితే పక్కన ఇంకో లారీ ఇంజను మోత. డీజిలు తోడుకుపోతారని భయం. పట్టా కోసి సరుకు లాగుతారని భయం. స్టెప్నీ టైరు పోతే ఓనరు జీతంలో కోస్తాడని భయం. ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి పడుకోవాలి. ఎండాకాలం క్యాబిను పెనంలా కాలిపోతుంది. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన పెద్ద లారీల క్యాబినుకు ఏసీ ఉండాలని నియమం పెట్టారు. మంచిదే. పాత బండ్లు మాత్రం ఇంకా రోడ్ల నిండా ఉన్నాయి. కొన్ని పెట్రోలు బంకుల దగ్గర 'అప్నా ఘర్' పేరుతో లారీవాళ్లకు గదులు కట్టారు. మంచాలు, స్నానాల గది ఉంటాయి. అలాంటిది ఎక్కడుందో డ్రైవరు ముందే అడిగి తెలుసుకుంటే మేలు.

బత్తా సంగతి మీకు తెలిసిందే. ట్రిప్పుకు ఇంత అని ఇస్తారు. ఎన్ని ట్రిప్పులు తిరిగితే అన్ని డబ్బులు. పడుకున్న గంటకు పైసా లేదు.

కునుకు ఎంతసేపు పడుతుంది? మూడు సెకన్లు చాలు. ఒకటి, రెండు, మూడు అనండి. అంతే. ఖాళీ రోడ్డు మీద బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకోండి. ఆ మూడు సెకన్లలో 50 మీటర్లు పోతుంది. యాభై మీటర్లు, డ్రైవరు లేని లారీ! తెల్లవారుజామున 2 నుంచి 5 లోపు ఈ కునుకు బాగా పడుతుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత కూడా పడుతుంది. మొహం కడుక్కుంటే, కిటికీ తీస్తే, పాటలు పెద్దగా పెడితే పోతుందనుకుంటారు. పోదు. కాసేపు దాక్కుంటుంది, అంతే. జలుబు మాత్ర వేసుకుంటే ఇంకా తొందరగా వస్తుంది. నిద్రకు నిద్రే మందు. బండి పక్కకు తీసి ఇరవై నిమిషాలు పడుకున్నా కొంత తేలిక.

బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి ఆపితే పర్మిటు అడుగుతాడు, లోడు ఎంత అని అడుగుతాడు. నువ్వు ఎప్పుడు పడుకున్నావు అని అడిగేవాళ్లు రోడ్డు మీద కనపడరు.

మరి ఇంట్లో అడుగుతారా? ఇక్కడ కాస్త నిష్టూరంగా ఉంటుంది, వినండి.

ఆ కొడుకు వారం తర్వాత తెల్లవారుజామున ఇంటికి వచ్చాడు. తల్లి వేడినీళ్లు పెట్టింది, అన్నం పెట్టింది. "పడుకో నాన్నా" అంది. పడుకున్నాడు. 9 గంటలకే పక్కింటావిడ వచ్చింది. "ఏంటొదినా, మీవాడు ఇంకా లేవలేదా? బారెడు పొద్దెక్కింది" అంది. తల్లికి సిగ్గేసింది. లేపింది. లేచాడు గదా అని మిల్లుకు పంపింది. వస్తూ గ్యాసు బండ తెమ్మంది. మధ్యాహ్నం మేనత్త ఇంట్లో భోజనం. సాయంత్రం ఓనరు ఫోను చేశాడు: "లోడు రెడీగా ఉంది, రారా." మూడు గంటల నిద్రతో వాడు మళ్లీ బండెక్కాడు.

ఆ తల్లిది చెడ్డ మనసు కాదు. పగలు పడుకున్న మగవాణ్ణి ఊరు బద్ధకస్తుడంటుంది. రాత్రంతా మేలుకుని పనిచేసినవాడికి పగలే రాత్రి. తలుపు దగ్గరగా వేసి, కిటికీకి దుప్పటి కట్టి, పిల్లల్ని వీధిలోకి పంపితే చాలు. చట్టం చెప్పిన సెలవు రోజు అసలు ఇంట్లోనే దొరకాలి. దాన్ని మిల్లుకూ గ్యాసుబండకూ ఇచ్చేస్తే ఓనరును ఏమని అడుగుతారు?

ఫోను కూడా అంతే. బండి నడుస్తుంటే ఫోను చెయ్యకండి. ఆగినప్పుడు వాణ్ణే చెయ్యమనండి. "పండక్కి ఎలాగైనా వచ్చెయ్యి" అన్న మాట ప్రేమతోనే వస్తుంది. వాడికి మాత్రం ఇంకో రాత్రి నిద్ర మానుకో అన్నట్టు వినపడుతుంది. దారిలో ఆపద వస్తే జాతీయ రహదారి మీద 1033 నంబరుకు ఫోను చేయవచ్చని వాడికి చెప్పండి. ఆ నంబరు మీరూ రాసి పెట్టుకోండి.

ఆ తల్లి సంఘంలో చదువుకుంది. ఒక నోటుబుక్కు తీసుకుని గళ్లు గీసింది. ఎప్పుడు లేచాడు, ఎప్పుడు బయల్దేరాడు, ఎక్కడ ఆగాడు, ఎన్ని గంటలు పడుకున్నాడు. కొడుకు ఆగినచోట నుంచి ఫోను చేస్తే రాసుకునేది. అక్షరాలు వంకరగా ఉన్నా అంకెలు సరిగ్గా ఉన్నాయి. నాలుగు ట్రిప్పులు అలా రాసింది. తర్వాత ఆ పుస్తకం పట్టుకుని ఓనరు ఇంటికి వెళ్లింది.

"ఓనరు గారూ, మావాడు రోజుకు నాలుగు గంటలు కూడా పడుకోవట్లేదండీ. రెండో డ్రైవర్ని పెట్టండి" అంది.

"నాకున్నవి రెండు బండ్లమ్మా. ఇంకో జీతం ఎక్కడ తెచ్చేది? ఆ చట్టాలన్నీ పెద్ద కంపెనీలకి" అన్నాడు ఆయన.

ఆయన మాటలో సగం నిజం ఉంది. 1961 చట్టం ఐదుగురు పనివాళ్లున్నచోట వర్తించేది. కొత్తది పదిమంది ఉన్నచోట వర్తిస్తుంది. రెండు బండ్ల ఓనరు దానికి అందడు. లారీల్లో ఎక్కువ భాగం ఇలాంటి చిన్న ఓనర్లవే. కాని మిగతా సగం ఆయన చెప్పలేదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 91వ సెక్షను ఉంది. సరుకు బండి నడిపే ఏ మనిషికైనా 1961 చట్టంలో చెప్పిన పనిగంటలే ఉండాలని ఆ సెక్షనులో రాశారు. అందులో ఇన్ని బండ్లు, అన్ని బండ్లు అని లేదు. ఈ సంగతి అడగాలంటే కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లవచ్చు. గంటలు రాసిన పుస్తకం చేతిలో ఉంటే అక్కడ మాట చెల్లుతుంది.

ఆ తల్లి ఆఫీసుకు ఇంకా వెళ్లలేదు. కొడుకు పని పోతుందేమోనని ఆమె భయం. అందుకని ఓనరును ఇంకో మాట అడిగింది.

"పోనీ, లోడు ఎక్కేటప్పుడు పెట్టెల లెక్క మీ గుమాస్తాను చూడమనండి. ఆ మూడు గంటలూ మావాణ్ణి పడుకోనివ్వండి. మీ బండికీ మంచిదే గదండీ."

ఓనరు ఆ పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇవన్నీ నువ్వే రాశావా?" అన్నాడు. చివరికి సరేనన్నాడు. రెండో డ్రైవరు మాట మాత్రం ఎత్తలేదు.

ఆ ట్రిప్పుకు కొడుకు మధ్యాహ్నం 1 గంట నుంచి 4 గంటల దాకా చెరువు గట్టు మీద షెడ్డులో పడుకున్నాడు. సాయంత్రం 6 గంటలకు బయల్దేరాడు. రాత్రి అనకాపల్లిలో ఆగి తల్లికి ఫోను చేశాడు. ఆమె దీపం దగ్గర కూచుని ఆఖరి గడిలో 3 వేసింది.