యుద్ధకాలపు కత్తుల సేకరణ



పాత నాణెములవలె రెండవ ప్రపంచ యుద్ధకాలపు కత్తులను సేకరించువారు లోకమున కలరు. మన బాలురకును ఆ మోజు కలుగుట సహజము. దానిని మేము నిందింపము, దారి చూపగోరుచున్నాము.

ఆ కత్తులు రెండు తెగలు. 1941 నుండి ఇంగ్లండున విల్కిన్సన్ సంస్థ చేసిన ఫెయిర్‌బేర్న్–సైక్స్ బాకు పోరునకే పుట్టినది. అమెరికా మెరీన్ సైనికుల ఏడంగుళముల కత్తి పోరునకును, డబ్బా తెరచుటకును, త్రాడు కోయుటకును పనికివచ్చెను. గూర్ఖాల కుక్రీయు అట్టిదే. అలుగుపై అరుగుదలయే దాని చరిత్ర. సానబట్టి మెరిపించినచో అది చెరగిపోవును.

1959 ఆయుధ చట్టపు నిబంధనలు తొమ్మిదంగుళముల నిడివికిగాని, రెండంగుళముల వెడల్పునకుగాని మించిన కత్తులను ఆయుధములుగా నెంచును. ఇంటి, సేద్యపు, పరిశ్రమల పనిముట్లకు మినహాయింపు కలదు. అంతకంటె ముఖ్యము, 1970లోను 1984లోను కలహములు చూచిన భివండీ మనది. గైబీ నగర్ ఇరుకు ఇండ్లలో మనకు ముచ్చటైన బాకు పొరుగువారికి భయము కాగలదు.

కావున స్వగ్రామములకు పోవునపుడు, 1951లో హైదరాబాదున వెలసిన సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలోని ఆయుధములను పిల్లలకు చూపుడు. బొమ్మ గీచి, కొలతయు, కాలమును నోటుపుస్తకమున వ్రాయనిండు. కత్తి ఇంటికి రాకున్నను జ్ఞానము వచ్చును.