గడ్డిగులాబీ
(కాడుగోడి ఉగాది సభలో చేసిన ప్రసంగము)



కాడుగోడిలో మనలో చాలమందికి పెరడు లేదు. ఉన్నది డాబామీద మూరెడు జాగా. నీళ్లును లెక్కే. 2024 వేసవిలో బోర్లు ఎండి, బెంగుళూరు ట్యాంకర్లకై ఎట్లు ఎదురుచూచినదో మరవలేదు గదా! ఇట్టిచోట పూలమొక్క లేల యనువారికి మేము గడ్డిగులాబీని చూపుదుము.

ఆంగ్లేయులు దీనిని నాచుగులాబీ యందురు. నిజమునకు ఇది మన గంగపావిలి కూరకు చెల్లెలు. పుట్టిల్లు దక్షిణ అమెరికా. సూదులవంటి కండగల ఆకులలో నీరు దాచుకొనును గనుక ఎండకు జంకదు. నాచువలె నేలబారున పరచుకొని ఎరుపు, పసుపు, తెలుపు రంగులలో పూయును. ఎండ ఎక్కగా విచ్చును, పొద్దు వాలకముందే ముడుచుకొనును. మబ్బుపట్టిననాడు కన్ను తెరువదు. తెల్లవారి ఆఫీసుకు పోయి చీకటిపడి వచ్చువారు దీని పూవును ఆదివారమే చూడగలరు, అది వేరు మాట!

వేలెడు కొమ్మ త్రుంచి గ్రుచ్చిన చాలును, వేరు పట్టును. ఎర్రమట్టిలో ఇసుక దండిగా కలుపవలెను. చిల్లులేని కుండీ వద్దు, నీడ అసలే వద్దు. మన్ను పొడిబారిన పిదపనే నీరు పోయుడు. మురిపెముతో నిత్యము పోసితిరా, వేరు కుళ్లును. వాడిన కొసలు త్రుంచుచుండిన గుబురు కట్టును.

అద్దె యిల్లు మారునపుడు కుండీ మోయనక్కరలేదు, నాలుగు కొమ్మలు కాగితములో చుట్టుకొనిపోవచ్చును. మేము కొన్ని తెచ్చితిమి. సభ ముగిసిన పిమ్మట కావలసినవారు తీసికొనుడు.